నక్షత్రములనడిగి గడియారము దిద్దిన అంకితం నరసింగరావుగారు

విశాఖపట్టణమునందలి మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల పేరు విననివారు ఉపాధ్యాయలోకమున అరుదు. అల్లూరి సీతారామరాజు చిన్ననాట అందు చదివెను. శ్రీశ్రీ కొన్నాళ్లు అందు పనిచేసెను. నోబెల్ బహుమానమందిన చంద్రశేఖర వేంకటరామన్ చదువు ఆ ప్రాంగణముతో ముడివడినది. ఇంతటి విద్యాలయమునకు పేరుగా నిలిచిన ఆ మూడు పొడి అక్షరముల వెనుక ఎవరున్నారని అడిగినచో మాత్రము చాలమంది తడుముకొందురు. ఆయన అంకితం వేంకట నరసింగరావుగారు. జమీందారు, దాత. కాని ఆయన అసలు వ్యాపకము వేరు. తన గడియారము సరిగా నడచుచున్నదో లేదో రాత్రివేళ నక్షత్రములనడిగి తెలిసికొనుట, అట్లు తెలిసికొనిన వేళను ఊరివారికిని ఓడవారికిని చాటుట ఆయన ముప్పదియైదేండ్ల పని. అందుకు జీతము లేదు. ఖర్చంతయు ఇంటిదే.

సముద్రము ఎన్నడును చూడని పిల్లలు చదువుకొను మా కొత్తకోట వంటి ఊళ్లకు ఈ కథతో నిమిత్తమేమి యని ఎవరైన అనవచ్చును. చిన్న లెక్క యొకటి చెప్పెదను. పాలమూరు నేలలో, హైదరాబాదునుండి కర్నూలు పోవు రాజమార్గముపై నున్న కొత్తకోట దేశాంతరము 78 డిగ్రీలకు రవంత తక్కువ. విశాఖపట్టణముది 83 డిగ్రీలకు కొంచె మెక్కువ. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, విశాఖలో సూర్యుడు మధ్యాహ్నరేఖను దాటిన సుమారు 21 నిమిషములకు గాని కొత్తకోటకు నడిమధ్యాహ్నము కాదు. 1906 జనవరి 1 నుండి దేశమునకంతకు 82½ డిగ్రీల రేఖపై కాలమును ప్రమాణముగా గైకొనిరి. కావున ఏడాది సగటున చూచినచో కొత్తకోట గోడ గడియారము అక్కడి సూర్యునికంటె 18 నిమిషములు ముందు నడచును, విశాఖ గడియారము 3 నిమిషములు వెనుక నడచును. ఈ 21 నిమిషములలోనే రెండు ఊళ్ల నడుమ దూరము దాగియున్నది. వేళ తెలిసినవానికి చోటు తెలియును. నరసింగరావుగారి జీవితమంతయు ఈ యొక్క సూత్రము చుట్టును తిరిగినది.

ఆయన 1827 వ సంవత్సరమున జన్మించిరి. చదువు ముగించి ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిరి. ఆ దారినే పోయియున్నచో పెద్ద ఉద్యోగిగా పింఛను పుచ్చుకొని యుందురు గాని, ఆయన జీవితమును మలుపు త్రిప్పినది వివాహము. మామగారు గోడే వేంకట జగ్గారావుగారు. గోడేవారు విశాఖ మండలమున పేరుమోసిన జమీందారులు. 1817 లో పుట్టిన ఈ జగ్గారావుగారు, ఆ కాలపు జమీందారుల బిడ్డలకు లేని కోరికతో, యౌవనారంభముననే మద్రాసు పోయి అచ్చటి నక్షత్రశాల అధిపతి టైలరు వద్ద గణితమును ఖగోళమును నేర్చుకొనిరి. పదునొకండువేల నక్షత్రముల స్థానములను పట్టికగా కూర్చి 1844 లో వెలువరించిన టైలరు ఆయనయే. అటువంటి గురువు చెంత కూర్చున్నవాడు ఇంటికి తిరిగివచ్చి ఊరకుండునా? 1840 ప్రాంతమున విశాఖలో డాబా తోటలోని తన స్థలముననే సొంత నక్షత్రశాల కట్టించెను. దూరదర్శిని, యామ్యోత్తర యంత్రము, ఖగోళ గడియారము తెప్పించెను. రేవునకు ఎదుట కొండపై, ఇంగ్లీషువారు డాల్ఫిన్స్ నోస్ అని పిలుచుచోట, ఓడలకు వేళ తెలుపుటకై జెండాకొయ్య నాటించెను.

1856 లో, నలుబదియేండ్లు నిండకయే, జగ్గారావుగారు గతించిరి. ఆస్తి కుమార్తె అచ్చాయమ్మగారికిని అల్లునికిని సంక్రమించినది. ఆస్తితోపాటు ఆ యంత్రములును వచ్చినవి. అప్పటికి నరసింగరావుగారికి ఇరువదితొమ్మిదేండ్లు. మామగారి సరదా మామగారితో పోయినదని గదికి తాళము వేసియున్నచో తప్పుపట్టువారు లేరు. ఎన్నియో సంపన్న గృహములలో తండ్రి కూర్చిన గ్రంథాలయము కొడుకునాటికి చెదలపాలగుట మనమెఱుగుదుము. ఈయన మాత్రము ఉద్యోగము విడిచిపెట్టి నక్షత్రశాల తాళపుచెవి చేతబట్టిరి. గురుముఖమున నేర్చినవాడు జగ్గారావు. నరసింగరావుగారికి అది పిల్లనిచ్చిన ఇంటినుండి వచ్చిన బాధ్యత. బాధ్యత అభిరుచిగా మారుట లోకమున చాల అరుదైన విషయము.

ఇక ఆ పని ఎట్టిదో కొంచెము నిదానముగా చెప్పవలెను. పూర్వము మన దేవాలయములలో గడియకుడుకలుండెడివి. అడుగున సన్నని రంధ్రము గల కుడుకను నీటిలో తేలవేసినచో అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు. పెండ్లి ముహూర్తమునకు అది చాలును, ఓడ నడుపుటకు చాలదు. లోలకపు గడియారము అంతకంటె ఎన్నోరెట్లు మేలే గాని, దానికిని జబ్బులు గలవు. ఎండకు లోలకపు కడ్డీ సాగును, సాగినచో గడియారము మెల్లగించును. కాబట్టి ఎంత వెలబెట్టి కొనిన గడియారమునైనను దిద్దుటకు దానికంటె నమ్మకమైన మఱియొక గడియారము కావలెను. అది భూమియే. యామ్యోత్తర యంత్రమనునది తూర్పు పడమరలకు కదలనీయకుండ, ఉత్తరదక్షిణ రేఖపై మాత్రమే పైకి క్రిందికి తిరుగునట్లు రెండు రాతిస్తంభముల నడుమ బిగించిన దూరదర్శిని. దాని కంటిలో సాలెపట్టు దారములంత సన్నని తీగలుండును. పట్టికలో స్థానము తెలిసిన నక్షత్రమొకటి ఆ తీగను దాటు క్షణమును గడియారపు టిక్కుటిక్కులను చెవితో లెక్కపెట్టుచు కంటితో పట్టుకొనవలెను. ఒక టిక్కునకును మరుసటి టిక్కునకును నడుమ నక్షత్రమెక్కడనున్నదో ఊహించి సెకనులో పదియవ వంతువరకు వ్రాసికొనవలెను. అట్లు అయిదారు నక్షత్రములు చూచినగాని ఆ రాత్రి గడియారపు తప్పు తేలదు. పైగా నక్షత్రదినము సూర్యదినముకంటె సుమారు 3 నిమిషముల 56 సెకనులు తక్కువ. ఆ లెక్క వేరే కట్టవలెను. ఇన్నియు చేసి మరునాడు మరల మొదటికి రావలెను, ఏలయన గడియారము మరల తప్పును. విశాఖ సముద్రపుగాలిలోని ఉప్పు ఇత్తడిని తినును. వానకాలమున వారములకొలది చుక్క కానరాదు. ఇది ఉబలాటముతో నాలుగు దినములు చేయు పని కాదు.

ఎవరికొఱకు? నాటి విశాఖకు ఇప్పటి రేవు లేదు. లోపలి రేవు తెరచినది 1933 లోనే. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని, సరకులు పడవలలో దింపెడివి. అట్టి ఓడలో నావికుని ప్రాణము వంటిది క్రోనోమీటరు అను గడియారము. సూర్యునిబట్టి తానున్నచోటి వేళ తెలియును, క్రోనోమీటరునుబట్టి గ్రీనిచ్ వేళ తెలియును, రెంటి భేదమే దేశాంతరము. నాలుగు సెకనులు తప్పినచో స్థానము ఒక మైలుదాక తప్పును. ఒక నిమిషము తప్పినచో పదునాలుగు పదునైదు సముద్రపు మైళ్లు తప్పును. చీకటిలో రాతిగట్టుకు తగులుకొనుటకు అది చాలును. నెలల తరబడి నీటిపై నడచివచ్చిన క్రోనోమీటరును దిద్దుకొనుటకు ఓడవాడు తీరమునుండి వేళ తెలుపు సంకేతమునకై కనిపెట్టుకొని యుండును. మామగారి జెండాకొయ్యకు తోడుగా నరసింగరావుగారు ఫిరంగిని ఏర్పాటు చేయించిరి. డాబా తోటలో నక్షత్రముల సాక్షిగా తేల్చిన వేళకు కొండపై ఫిరంగి మ్రోగెడిది. ఊరివారు ఆ చప్పుడునకు తమ గడియారములను త్రిప్పుకొనెడివారు. తెలిసిన నావికుడు మాత్రము చప్పుడును నమ్మడు, మెరుపును చూచును. శబ్దము సెకనుకు 340 మీటర్లే నడచును. మూడు కిలోమీటర్ల దూరమునకు చేరుసరికి దాదాపు తొమ్మిది సెకనులు ఆలస్యమగును. ఆ తొమ్మిది సెకనులే రెండు మైళ్ల తప్పునకు సరిపోవును. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఆ ఫిరంగి చేసిన పనిని ఇప్పుడు ఉపగ్రహములు చేయుచున్నవి. సూత్రము అదియే. ఎగిరెడి గడియారము తన వేళను చాటును, వినువాడు ఎంత ఆలస్యముగా విన్నానో లెక్కకట్టి దూరము తెలిసికొనును. వెలుతురు సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవును గనుక, సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను 300 మీటర్లు తప్పును. అందులకే మన నావిక్ ఉపగ్రహములలో రుబీడియము గడియారములు పెట్టిరి. అందలి పరమాణువుల కంపనము సెకనుకు సుమారు 683 కోట్లు. శ్రీహరికోటనుండి 2013 జూలై 1 న ఎగిరిన మొదటి ఉపగ్రహములో అటువంటి విదేశీ గడియారములు మూడును కొన్నేండ్లకే చెడిపోయినవి. ఉపగ్రహము ఆకసమున చెక్కుచెదరక తిరుగుచుండగనే దారిచూపు పనికి కొఱగాకపోయెను. 2023 మే 29 న ఎగిరిన ఎన్.వి.ఎస్.–01 లో స్వదేశమున చేసిన రుబీడియము గడియారమును అమర్చిరి. నేడు ప్రపంచమున పెక్కుచోట్ల కొందరు ఔత్సాహికులు, టెలిఫోను కేంద్రములు పారవేసిన రుబీడియము గడియారములను చవకగా కొని, ఉపగ్రహముల సెకను సంకేతముతో సరిపోల్చుచు, ఇంటి మూలగదిలో రాత్రులు గడుపుచున్నారు. ఇరుగుపొరుగువారికి వారు పిచ్చివారుగా కనబడుచుందురు. డాబా తోట జమీందారునుగూర్చి నాటి ఇరుగుపొరుగు ఏమనుకొనిరో మనము ఊహించుకొనవచ్చును.

1868 తెలుగుదేశ ఖగోళచరిత్రలో గొప్ప సంవత్సరము. ఆగస్టు 18 న గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నడచినది. ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరికి వచ్చెను, మద్రాసునుండి పాగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. భూమిపై అంతవరకు ఎవరు నెఱుగని హీలియము అను మూలద్రవ్యపు జాడ ఆ గ్రహణసమయపు పరిశీలనలనుండియే బయలుపడినది. అదే ఏట నవంబరు 5 న బుధుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచెను. నరసింగరావుగారు దానిని విశాఖనుండి చూచి, కాలములను గుర్తించి, లండనులోని రాయల్ ఖగోళ సంఘమునకు వ్రాసి పంపిరి. సంఘమువారు తమ పత్రికలో అచ్చువేసిరి. 1871 లో ఆయనను సభ్యునిగా ఎన్నుకొనిరి. రాయల్ భూగోళ సంఘమును ఆయనను తనలో చేర్చుకొన్నది. ప్రభుత్వపు నక్షత్రశాలలో ఉద్యోగమునైనను చేయని ఒక తెలుగు గృహస్థునకు ఇది సామాన్యమైన గౌరవము కాదు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులవారు ఇంచుమించు ఆయన ఈడువారే. వారి తోవ కొలువు తోవ, ఈయనది ఇంటి తోవ.

1874 డిసెంబరు 9 వచ్చినది. ఆ దినమున శుక్రుడు సూర్యునికి అడ్డముగా నడచెను. ఈ సంక్రమణము జంటగా ఎనిమిదేండ్ల ఎడముతో వచ్చి, తరువాత నూరేండ్లకు పైగా రాదు. అంతకుముందు 1769, తరువాత 1882. మన కాలమున 2004, 2012 లలో చూచితిమి. ఇక 2117 వరకు లేదు. దీనికొఱకు 1874 లో దేశదేశముల రాజ్యములు లక్షలు గ్రుమ్మరించి యాత్రలు పంపినవి. ఇటలీనుండి టాకినీ బృందము వంగదేశమున దిగినది. రూర్కీలో టెనెంటు యంత్రములు నిలిపెను. కారణము, సూర్యుడు ఎంత దూరమున నున్నాడన్న ప్రశ్న. దానికి సమాధానము తెలియనిదే సౌరకుటుంబమున ఏ దూరమును మైళ్లలో చెప్ప వీలులేదు. భూమిపై వేరువేరు చోట్లనుండి చూచినవారికి శుక్రుడు సూర్యునిపై కొంచెము వేరైన గీతను గీయును, దాటుటకు పట్టు కాలమును కొంచెము మారును. ఆ కొద్ది సెకనుల తేడానుండి సూర్యుని దూరము తీయవచ్చునని 1716 లోనే హాలీ చూపియుండెను. కనుక పరీక్ష దూరదర్శినికంటె గడియారమునకే యెక్కువ. చోటు దేశాంతరము తెలిసియుండవలెను, అచ్చటి వేళ సెకనువరకు సరియై యుండవలెను. పెద్ద రాజ్యములు దీనికై నెలల ముందుగా వచ్చి తాత్కాలికపు గుడారములలో గడియారములు దిద్దుకొనుచుండగా, విశాఖలో ముప్పదినాలుగేండ్ల నుండి ఆ పని జరుగుచునే యుండెను!

ఆ ప్రాంతముననే నరసింగరావుగారు ఇంగ్లండునందలి కుక్ కర్మాగారమున చేసిన 6 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, త్రిప్పుగోపురము క్రింద నిలిపిరి. ఆ దినమున ఉదయము మొదలుకొని మధ్యాహ్నము కావచ్చువరకు, ఇంచుమించు నాలుగున్నర గంటలు, శుక్రుడు సూర్యునిపై నడచెను. చూచినవారినందరను చిక్కుపెట్టిన వింత యొకటి గలదు. శుక్రబింబము సూర్యుని అంచు విడిచి లోనికి వచ్చునప్పుడు తటాలున విడువదు. నల్లని సిరాచుక్క గోడను పట్టుకొని సాగినట్లు సాగును. ఎప్పుడు విడిచెనో ప్రక్కప్రక్కన నిలుచున్న ఇద్దరైనను ఒక్క సెకను చెప్పలేరు. కోట్ల ధనము పోసిన యాత్రలు ఆశించినంత సూక్ష్మమైన ఫలము నియ్యకపోవుటకు ఈ నల్లబొట్టు ఒక కారణము. నరసింగరావుగారు తాము చూచినది చూచినట్లు వ్రాసి లండను పంపిరి, అదియు అచ్చయినది. ఒక్కరి పరిశీలనతో సూర్యుని దూరము తేలదు. అందరి అంకెలలో విశాఖ అంకె యొకటి యుండుటయే ఆ పని ప్రయోజనము.

ఇటువంటి దినములు జీవితమున వేళ్లపై లెక్కింపదగినవి. మిగిలిన వేలకొలది దినములు ఉష్ణమానము, వాయుభారమానము, గాలి దిక్కు, వాన కొలత వ్రాసికొనుటలోనే గడచినవి. వేళ తప్పక కొలుచుట అలవాటైన ఇల్లు వాతావరణమును గూడ వేళ తప్పక కొలిచినది. బంగాళాఖాతపు గాలివానలకు విశాఖ తీరము పెట్టినది పేరు. 1876 అక్టోబరులో విశాఖను ఒక పెనుగాలివాన తాకినది. ఆ నెలాఖరున వంగదేశపు బాకర్‌గంజిని ముంచిన ఉప్పెనతో కలిపి దానిపై ఎలియట్ అను శాస్త్రజ్ఞుడు పెద్ద నివేదిక వ్రాసెను. గాలివాన ఎటునుండి ఎటు నడచినదో తెలియవలెనన్నచో తీరమున వాయుభారము ఏ గంటకు ఎంత పడినదో వ్రాసియుంచినవారు కావలెను. అటువంటి లెక్కలు పెట్టుటకు జమీందారు ఎవ్వడైన ధనమిచ్చునేమో గాని, పొద్దుపెట్టుట అరుదు.

వయసు మీరిన దినములలో ఆయన మనసు ఆకాశపు ఛాయాచిత్రములవైపు తిరిగినది. కంటిని చెవిని నమ్ముకొని పట్టిన క్షణములు మనుష్యుని బట్టి మారుచున్నవి గదా, పలకపై పడిన చిత్రము మారదు. అందులకు కావలసిన సామగ్రిని సమకూర్చుకొనుటకు పూనుకొనిరి. ఆ ఏర్పాటు పూర్తిగా కుదురుకొనక పూర్వమే, 1892 జూన్ 18 న, అరువదియైదవ యేట కన్నుమూసిరి.

అచ్చాయమ్మగారిని గూర్చి చెప్పక ఈ కథ విడువరాదు. తండ్రి కట్టిన నక్షత్రశాల అది. భర్త ముప్పదియైదేండ్లు నడిపిన నక్షత్రశాల అది. ఆ ఇద్దరి నడుమ అది చేతులు మారినది ఆమె మూలముననే. భర్త పోయిన పిమ్మట ఆమె దానిని మూయలేదు. పనివారిని నిలిపి కొంతకాలము నడిపించి, ముందునకు సాగుటకు నిధి యేర్పరచి ప్రభుత్వమునకు అప్పగించిరి. వాన లెక్కలు, గాలి లెక్కలు కొనసాగినవి. నక్షత్రముల పని మాత్రము మెల్లగా ఆగిపోయినది. ప్రభుత్వపు దృష్టి ఆ కాలమున కొడైకెనాల్ కొండపై కట్టబోవు సూర్యశాలమీద నుండెను. పరికరములున్నను రాత్రి మేలుకొనువాడు లేనిచో నక్షత్రశాల ఇత్తడిసామానుల కొట్టే. నాకు తోచినంతలో, దీనిని కొనసాగించుటకు కావలసినది ధనము కాదు, ఇంకొక నరసింగరావు. అట్టివానిని తయారుచేసికొను ఏర్పాటు ఆ ఇంట లేకపోయెను. మామకు టైలరు దొరికెను, అల్లునకు మామ యిల్లు దొరికెను. ఆ అల్లుని వద్ద నేర్చిన శిష్యుడెవడును చరిత్రలో కానరాడు. ఆయన జీవితమున లోపమేదైన నున్నచో అది యిదియే. డాబా తోట నేడు నగరమధ్యమున జనసమ్మర్దపు పేట.

కాని విద్యను ఆయన మఱచినారనుటకు వీలులేదు. 1860 లో చిన్న పాఠశాలగా పుట్టి 1878 లో కళాశాలగా ఎదిగిన విశాఖ హిందూ కళాశాలకు ఆయన పక్షమున 1892 లో లక్ష రూపాయల నిధి చేరినది. నాడు లక్ష యనగా ఎంతయో ఊహింపుడు. ఆయన సతీమణి పేర కళాశాలకు మిసెస్ ఎ. వి. నరసింగరావు కళాశాల యని పేరువచ్చెను. ఇల్లాలి పేర నిలిపిన విద్యాలయమున ఇల్లాలి సొంతపేరు లేదు. అచ్చాయమ్మ యను నాలుగక్షరములు ఆ బోర్డుపై నుండియుండినచో ఎంత బాగుండెడిది!

ఆ 1892 లోనే తిరుచిరాపల్లినుండి చంద్రశేఖర అయ్యరు అను యువ అధ్యాపకుడు గణితమును భౌతికశాస్త్రమును బోధించుటకు ఆ కళాశాలలో చేరెను. ఆయన వెంట నాలుగేండ్ల కుమారుడొకడు వచ్చెను. ఆ పిల్లవాడు విశాఖ సముద్రతీరముననే పెరిగి, పదునొకండవ యేట మెట్రిక్యులేషను ముగించి, తండ్రి పనిచేయు కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివెను.